చార్టు చదువుతారు, గడప తట్టుకుంటారు: నాన్నగారికి విశాఖలో సాయం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మాది గాజువాక. నాన్నగారికి 57 ఏళ్లు. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టర్ల కింద చాలా ఏళ్లు వెల్డర్‌గా చేశారు. నీటికాసుల వల్ల కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటితో ఆసుపత్రిలో చార్టు మీద చిన్న అక్షరాల దాకా చదివేస్తారు. ఇంటికొస్తే గడపలూ స్టూళ్లూ తట్టుకుని పడిపోతున్నారు. నటిస్తున్నారని తమ్ముడి విసుగు. పోయిన చూపు రాదు, ఇక చేసేదేం లేదని డాక్టరు చెప్పాక చుక్కలు కూడా మానేశారు. పనికి వెళ్లడం లేదు, గది దాటి రావడం లేదు. నెల రోజులుగా గోడ మీద పూలతీగలు, తలుపు దగ్గర బొమ్మలంత పిల్లలు కనపడుతున్నారంటున్నారు. గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. మా చదువుల కోసం డబుల్ డ్యూటీలు చేసి ఆ మంటకే కళ్లు పోగొట్టుకున్నారని నా బాధ. చూపు తగ్గినవాళ్లకు మన ఊళ్లో సాయం చేసేవాళ్లున్నారా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు చుక్కల సంగతి తేల్చుకుందాం అమ్మా, తక్కినవన్నీ ఆ తర్వాతే. నీటికాసుల్లో, అంటే గ్లాకోమాలో, కంటి లోపలి ఒత్తిడి చూపు నరాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. పోయిన భాగం తిరిగి రాదన్నది నిజం. చుక్కలు వేసేది దాని కోసం కాదు, మిగిలినదాన్ని కాపాడుకోవడానికి. ఆయనకు మిగిలింది ఎడమకంటి మధ్యలో ఉన్న ఆ కాస్త చూపే. చుక్కలు మానేసిన ప్రతి వారం దాని మీదే పడుతుంది. ఇంట్లో ఉన్న పాత సీసా మాత్రం వేయకండి, మూత తీసి నెల దాటితే పారేయాల్సిందే. రెండు మూడు రోజుల్లో డాక్టరుకు చూపించి ఒత్తిడి కొలిపించండి, కొత్తగా రాయించుకోండి. ఆయనకు ఆయాసం గానీ గుండె నెమ్మదిగా కొట్టుకోవడం గానీ ఉంటే ఆ మాట ముందే చెప్పండి. నీటికాసులకు వాడే కొన్ని చుక్కలు అలాంటివాళ్లకు పడవు.

'ఇక చేసేదేం లేదు' అనే మాట మా వైద్యులం చాలా తేలిగ్గా అనేస్తాం. ఆపరేషన్‌తోనో మందుతోనో పోయిన చూపు తేలేం అని దానికి అర్థం. ఇంట్లోవాళ్లకు అది మనిషి జీవితం గురించి చెప్పినట్టు వినపడుతుంది. నిజానికి ఆ మాట అన్న రోజే, అదే చీటీ మీద, 'లో విజన్ విభాగానికి పంపుతున్నాను' అని ఇంకో వాక్యం రాయాలి. మిగిలిన చూపుతో పనులు చేసుకోవడం నేర్పే విభాగం అది. మీకు రాయలేదు కాబట్టి మీరే అడిగి రాయించుకోండి.

తమ్ముడి అనుమానానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఓ పాత పేపరును సన్నటి గొట్టంలా చుట్టి ఒక కంటికి పెట్టుకుని, రెండో కన్ను మూసి, వంటింట్లోంచి హాల్లోకి నడవమనండి. గోడ మీద క్యాలెండర్‌లో తేదీ చదవగలడు. కాలికింద చెప్పు కనపడదు, పక్కనుంచి వచ్చే మనిషి కనపడడు. నాన్నగారు రోజంతా బతుకుతున్నది ఆ గొట్టంలోనే. నీటికాసులు ముదిరితే చూపు చుట్టుపక్కల నుంచి మూసుకుపోతూ వస్తుంది, మధ్యభాగం చాలా కాలం నిలుస్తుంది. అందుకే చార్టు చదువుతారు, గడప తట్టుకుంటారు. బండి తీస్తానంటే మాత్రం తాళాలు దాచేయండి, ఆ విషయంలో మొహమాటం వద్దు.

ఈ గొట్టం చూపుకు ఇంకో చిక్కుంది. వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే సర్టిఫికెట్ కోసం ప్రభుత్వ సదరం శిబిరానికి వెళితే, చార్టు చదివించి వైకల్యం తక్కువని రాసే ప్రమాదం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అక్షరాల వరసనొక్కదాన్నే చూడమనలేదు. మెరుగైన కంటిలో చూపు వెడల్పు 10 డిగ్రీల కంటే తక్కువుంటే, అక్షరాలు ఎంత బాగా చదివినా అది అంధత్వమే. 40 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటే అది 'లో విజన్' కిందికి వస్తుంది. కాబట్టి ఫీల్డ్ టెస్టు, అంటే గిన్నె లాంటి యంత్రంలో తల పెట్టి చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష, కొత్తగా చేయించి ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని వెళ్లండి. బోర్డులో కూర్చున్న డాక్టరు అడగకపోయినా మీరే ముందు పెట్టండి.

సదరం స్లాటు మీ వార్డు సచివాలయంలోనో మీసేవలోనో బుక్ అవుతుంది. వైకల్యం తేలితే యూడీఐడీ, అంటే వైకల్య గుర్తింపు కార్డు ఇస్తారు. 40 నుంచి 80 శాతం లోపు పసుపు గీత, ఆపైన నీలం గీత. దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. 40 శాతం, ఆపైన వస్తే ఎన్టీఆర్ భరోసా పింఛనుకు అడగవచ్చు, నెలకు 6,000 రూపాయలు. కుటుంబ ఆదాయం మీద షరతులున్నాయి కాబట్టి మీకు వర్తిస్తుందో లేదో సచివాలయంలోనే తేల్చుకోండి. మీరు ఉద్యోగం చేస్తూ పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే, మీ మీద ఆధారపడిన వైకల్యం ఉన్న తండ్రి పేరిట (1961 నాటి చట్టంలో సెక్షన్ 80డీడీ) 75,000 రూపాయల మినహాయింపు దొరుకుతుంది. 80 శాతం, ఆపైన ఉంటే అది 1,25,000.

ఇక చాలామంది చేజార్చుకునే ఒక సంగతి. కాంట్రాక్టు కార్మికుడైనా పీఎఫ్ కోసి ఉంటే, ఆ డబ్బంతా తీసేసి ఖాతా ఖాళీ చేయకండి. ఉద్యోగంలో ఉన్న కాలంలోనే, చేస్తున్న పనికి శాశ్వతంగా పూర్తిగా పనికిరాని వైకల్యం వస్తే, 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో దానికి విడిగా పెన్షన్ ఉంది. దానికి పదేళ్ల సర్వీసు నిండాలన్న నియమం లేదు. ఆయన చివరి చందా ఎప్పుడు కట్టారో, చూపు ఎప్పుడు తగ్గిందో కాగితాలతో సహా పీఎఫ్ ఆఫీసులో అడగండి. పెన్షన్ వాటా ఒకసారి తీసేసుకుంటే తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

గోడ మీద పూలతీగల దగ్గరికి వద్దాం. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దానితో హాని లేదు, అమ్మగారికి ధైర్యం. కానీ ఇది గాలీ కాదు, ధూళీ కాదు, మతి పోవడమూ కాదు. కళ్ల నుంచి సమాచారం రావడం తగ్గిపోయినప్పుడు, మెదడులో చూపుకు సంబంధించిన భాగం ఖాళీగా కూర్చోలేక తనంతట తానే బొమ్మలు అల్లుతుంది. శుక్లాలతో చూపు పోయిన తన తాతగారికి ఇలాగే మనుషులూ పక్షులూ కనపడటం చూసి, స్విట్జర్లాండ్‌కు చెందిన శాస్త్రవేత్త చార్లెస్ బొనే 1760లో దీని గురించి రాశాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. మీరు రాసిన బొమ్మలంత పిల్లలు, తీగలు, అల్లికలు అన్నీ నేను ఎన్నోసార్లు విన్నవే. ఓ పెద్దాయన ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. "పిచ్చోడంటారని బయమేసిందండి. అక్కడేటీ లేదని నాకు తెలుస్తంది, అయినా కనపడతన్నాది" అన్నాడు. అసలు గుర్తు ఆ మాటలోనే ఉంది. లేదని వాళ్లకు తెలుస్తుంది, ఆ బొమ్మలు మాట్లాడవు. కనపడినప్పుడు లైటు వేయడం, కళ్లు గట్టిగా మూసి తెరవడం, చూపు అటూ ఇటూ తిప్పడం చేస్తే చాలాసార్లు చెదిరిపోతాయి. చాలామందికి కొంతకాలానికి తగ్గుముఖం పడతాయి. అలా కాకుండా ఆ పిల్లలతో ఆయన మాట్లాడుతున్నా, వాళ్లు నిజమేనని వాదిస్తున్నా, ఇవాళ ఏ తేదీ, ఏ వారం అన్నది తెలియక గందరగోళపడుతున్నా, నడక మందగించి చేతులు వణుకుతున్నా నరాల వైద్యుడికి చూపించాలి. మెరుపులు మెరిసినట్టుండి ఒక పక్క తెర దిగినట్టు చూపు పోతే అది వేరే సంగతి, అదే రోజు కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి.

సాయం ఎక్కడ అని కదా మీరు అడిగింది. మీకు గాజువాక నుంచి హైవే మీదే దారి. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం దాటి హనుమంతవాక జంక్షన్‌కు వెళ్తే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వారి జీఎంఆర్ వరలక్ష్మి ప్రాంగణం ఉంది. విజన్ రిహాబిలిటేషన్ అక్కడ విడి విభాగం. కౌంటర్ దగ్గర ఆ పేరే చెప్పి అడగండి, మామూలు ఓపీ చీటీతో తిరిగి వచ్చేయకండి. వాల్తేరు వైపు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. నీటికాసుల చికిత్సకూ ఫీల్డ్ టెస్టుకూ అక్కడికి వెళ్లవచ్చు. పాత రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న కళ్లద్దాలు వెంట తీసుకెళ్లండి. ఆయనకు ఏ పని చేసుకోవడం కష్టంగా ఉందో నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకెళ్లండి. 'చూపు సరిగా లేదు' అంటే వాళ్లకు ఏమీ అందదు. 'సాయంత్రం బాత్రూంకి వెళ్లేటప్పుడు మెట్టు తెలియదు' అంటే అక్కడ్నుంచే మొదలుపెడతారు.

ఈలోగా ఆన్‌లైన్‌లో పెద్ద భూతద్దం కొనకండి. లో విజన్ అనగానే అందరూ చేసే పని అదే. మధ్యచూపు పోయి చుట్టూ మిగిలినవాళ్లకు భూతద్దం వరం. నాన్నగారికి ఉన్నది సన్న గొట్టం. అందులో అక్షరాన్ని పెద్దది చేస్తే మాటకు సగమే పడుతుంది. ఫోన్‌లో అక్షరాలు కూడా మరీ పెంచవద్దు. ఆయనకు కావలసినవి మంచి వెలుతురు, ఎండలో కళ్లు చెదరకుండా రంగుటద్దాలు, తలను పద్ధతిగా తిప్పుతూ దారిని వెతుక్కునే అలవాటు, అన్నిటికంటే ముందు తెల్లకర్ర.

కర్ర మాట ఎత్తగానే ఇంట్లో గొడవ మొదలవుతుందని నాకు తెలుసు. 'నేనేం గుడ్డోణ్ణా' అంటారు. నా దగ్గరికొచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు మడత కర్రను సంచీలో పెట్టుకుని, తమ వీధి మలుపు దాటాక గానీ తెరిచేవారు కాదు. అలా ఆరు నెలలు గడిచింది. ఒకరోజు సొంత వీధిలోనే కాలవలో పడ్డాక ఆ మొహమాటం తీరింది. కర్ర నిలబెడితే రొమ్ము ఎముక దాకా రావాలన్నది కొనేటప్పుడు చూసే మొదటి లెక్క. దాన్ని ఊతకర్రలా పట్టుకోకూడదు. నడుస్తూ ముందు నేలను అటూ ఇటూ తడుముతూ పోవాలి. అది నేర్పేవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. నేర్చుకున్నాక సాధనకు మీకు దగ్గర్లో ఉక్కునగరం రోడ్లు ఉన్నాయి, విశాలంగా, రద్దీ తక్కువగా. అక్కడి దారులు ఆయన కాళ్లకు ఎలాగూ తెలుసు. ఇంకొంచెం ధైర్యం వచ్చాక తెల్లవారుజామున వాహనాలు ఆపేసే వేళ బీచ్ రోడ్డుకు తీసుకెళ్లండి.

మీరు వెంట నడిచేటప్పుడు చెయ్యి పట్టి లాగకండి. మీ మోచేతిపైన ఆయన్ను పట్టుకోమనండి, ఆయన అర అడుగు వెనక ఉంటారు. మీ శరీరం మెట్టు ఎక్కగానే ఆయనకు తెలిసిపోతుంది. ఇంట్లో మెట్ల అంచుకు పసుపు టేపు, గడపకు మెరిసే రంగు వేయండి. సామాను ఎక్కడిదక్కడే ఉండాలి, సగం తెరిచిన తలుపులు వద్దు. తెల్ల పళ్లెంలో ఇడ్లీ పెడితే వెతుక్కోవాలి, ముదురు రంగు పళ్లెంలో పెట్టండి. 12 గంటల దగ్గర పచ్చడి, 3 దగ్గర కూర అని గడియారం లెక్కలో చెబితే చాలు, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. పొద్దున వేసే చుక్కల సీసాకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి సీసాకు రెండు. ఇవన్నీ అమర్చి, ఆయన పనులు మాత్రం ఆయన్నే చేసుకోనివ్వండి. ప్రేమతో గ్లాసు చేతికందించే ఇళ్లలోనే మనుషులు త్వరగా మంచాన పడటం చూశాను.

చూపు పూర్తిగా పోయినవాళ్లు ఎవరైనా ఇది చదివించుకుని వింటుంటే: తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇప్పటికే ఉంది, యాక్సెసిబిలిటీలో ఆన్ చేసుకోవాలి, తెలుగు చదువుతుంది. కంప్యూటర్‌కు అదే పని చేసే ఎన్‌వీడీఏ ఉచితం. నోటు ఎంతదో చెప్పే మణి యాప్‌ను రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చింది. యాప్ లేకపోయినా 100 నోటు మీద ఉబ్బెత్తు త్రికోణం, అంచున నాలుగు గీతలు, 500 మీద వృత్తం, ఐదు గీతలు వేలికి తగులుతాయి. కళ్లు కనపడవని చెక్కుబుక్కూ ఏటీఎం కార్డూ ఇవ్వనంటే ఒప్పుకోకండి, అలా నిరాకరించకూడదని రిజర్వ్ బ్యాంక్ 2008లోనే బ్యాంకులకు చెప్పింది.

నాన్నగారు గది దాటి రాకపోవడం ఒట్టి మొండితనం అనుకోవద్దు. నిద్ర, తిండి తగ్గినా, బతికి ఏం లాభం అన్నా ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు, ఏ వేళైనా.

చివరిగా మీ బాధ గురించి. వెల్డింగ్ మంట వల్ల కళ్లు ఎర్రబడి ఇసుక పోసినట్టు ఉంటుంది, కార్నియా కాలుతుంది. కానీ ఆ వెలుగు నీటికాసులు తేదు. మీ చదువులు ఆయన కళ్లు తీసుకోలేదమ్మా. ఒక్కటి మాత్రం ఆయన్ను అడగండి: ఆ మంటకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు ఏళ్ల తరబడి వాడారా అని. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, అది కొందరికి కంటి ఒత్తిడి పెంచుతుంది. ఆ పేర్లు మీ డాక్టరుకు చెప్పండి, ఆయన పాత తోటి వెల్డర్లకు కూడా చెప్పండి. నీటికాసులు ఉన్నవారి పిల్లలకూ తోబుట్టువులకూ అవి వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. మొదట్లో నొప్పీ ఉండదు, తేడా తెలియదు. హనుమంతవాక వెళ్లే రోజు తమ్ముణ్ణి కూడా బయల్దేరదీయండి, మీ ఇద్దరి కళ్ల ఒత్తిడీ, చూపు నరమూ అక్కడే చూపించుకుని రండి.