347 మార్కుల అమ్మలుకి

గుంటూరు, బ్రాడీపేట
18 జూన్ 2025

అమ్మలూ,

మొన్న ఆదివారం మీ ఇంటికొస్తే నువ్వు గదిలోంచి బయటికి రాలేదని నేనేం అనుకోలేదు. మీ అమ్మే పాపం, పప్పు కలుపుతూ కలుపుతూ కొంగుతో కళ్లొత్తుకుంది. ‘దీనికి నీట్‌లో 347 అక్కా, పైవాటా వాళ్లబ్బాయికి పోయినేడు 610’ అంది. ఆ మాటకి అక్కడే జవాబు చెప్పాల్సింది. పప్పు అడుగంటుతోందని ఊరుకున్నా.

పోయినేడు నీట్‌లో చివరి లెక్క తేలాక కూడా 720కి 720 తెచ్చుకున్నవాళ్లు పదిహేడు మంది. ఈ ఏడు దేశం మొత్తంలో మొదటి ర్యాంకు పిల్లాడికి వచ్చిందే 686. జనరల్‌లో అర్హత మార్కు పోయినేడు 162, ఈసారి 144. ఫిజిక్స్ పేపరు అంత పని చేసింది మరి. కాబట్టి ఆ అబ్బాయి 610నీ నీ 347నీ ఒకే తక్కెట్లో వేసి తూచడం కుదరదు. సీటు ఇచ్చేది ర్యాంకు, మార్కు కాదు. అలాగని 347 మంచి మార్కేలే అని బుజ్జగించను. ఓపెన్‌లో ప్రభుత్వ కాలేజీ ఆశ ఈ ఏడు వదిలెయ్. ఇంటర్‌లో 950 దాటాయిగా అని మీ నాన్న అంటున్నాడట. అవి ర్యాంకులో కలవవు నాన్నా అని చెప్పు. బైపీసీ సబ్జెక్టుల్లో సగం మార్కులుంటే అర్హత, అంతవరకే.

ఇరవయ్యో తారీఖు లోపల కడితే ఫీజులో తగ్గింపని లాంగ్ టర్మ్ (మళ్లీ రాసేవాళ్లకి ఏడాది కోచింగ్) వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారటగా. కట్టొద్దు. లాంగ్ టర్మ్ వద్దని కాదు. ఏం జబ్బో చూడకుండా మందు రాయడం నాకు అలవాటు లేదు.

1987లో నేనూ ఎంసెట్ (అప్పట్లో డాక్టరు సీటుకి అదే పరీక్ష) పోగొట్టుకున్నా, నీకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ర్యాంకు కార్డు పోస్టులో వస్తే తీసుకెళ్లి బాటనీ రికార్డులో దాచా. మీ తాతయ్యకి ఎలాగో తెలిసింది. తిట్టలేదు, మూడు రోజులు చేలో పాకలోనే పడుకున్నాడు. దానికంటే తిడితే బాగుండేది. బీఎస్సీలో చేరా. అక్కడ ఫిజిక్స్ మాస్టారు ఒకాయన, పొడుం పీల్చేవాడు, నా గోల విని ‘పరీక్షలో నీకు గుర్తున్న ప్రశ్నలన్నీ రాసుకురా’ అన్నాడు. తొంభై దాకా గుర్తొచ్చాయి. తెల్ల కాగితాల నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయించాడు: రాదు, వచ్చు కానీ తప్పింది, తొందరపడ్డా, వదిలేశా. ప్రతి ప్రశ్ననీ ఏదో ఒక గడిలో వేయమన్నాడు. అప్పటిదాకా ఊళ్లో అందరికీ నాకు ఫిజిక్స్ రాదనే చెప్పుకుంటూ తిరిగా. గళ్లు నిండాక చూస్తే ‘రాదు’ గడిలో ఉన్నవి పద్దెనిమిది. ‘తొందరపడ్డా’లో నలభై. అందులోనూ ఎక్కువ కెమిస్ట్రీవి, నేను కొమ్ములొచ్చినట్టు మిడిసిపడే సబ్జెక్టు! మరుసటి ఏడు గుంటూరు మెడికల్ కాలేజీలో చేరా.

ఇప్పుడు నీ సంగతి. ఆదివారం నువ్వు నిద్రపోయాక మీ అమ్మ నీ ప్రశ్నపత్రం, ఓఎంఆర్ ప్రింటు తెచ్చి నా చేతిలో పెట్టింది. నిన్ను అడక్కుండా చూశా, తప్పే. కానీ చూసినందుకు కొన్ని తెలిశాయి.

ఫిజిక్స్‌లో 14 ఒప్పు, 15 తప్పు, 16 వదిలేశావ్: 41 మార్కులు. కెమిస్ట్రీలో 25 ఒప్పు, 18 తప్పు: 82. బయాలజీలో 62 ఒప్పు, 24 తప్పు: 224. అంటే మొత్తం నూట ఒక్క ప్రశ్నకి నీకు సరైన జవాబు తెలుసు. నాలుగు చొప్పున 404 వచ్చాయి. యాభై ఏడు తప్పులు యాభై ఏడు మార్కులు పట్టుకుపోయాయి. అందరూ చెప్పినట్టు ‘తెలియనివి ముట్టుకోకు’ అనను. గుడ్డిగా నాలుగు దిద్దితే సగటున ఒకటి తగులుతుంది, నాలుగు వచ్చి మూడు పోతాయి, లెక్కకి నష్టం లేదు. నిన్ను ముంచినవి తెలియనివి కావు, సగం తెలిసినవి. ఆ సగం తెలిసినవాడి కోసమే పేపరు సెట్ చేసేవాళ్లు పక్క ఆప్షన్ తయారుచేసి పెడతారు. ఒక ఫిజిక్స్ లెక్క దగ్గర మార్జిన్‌లో నువ్వు వేసిందంతా చివరి లైను దాకా చక్కగా ఉంది, నీ చేతిరాత కూడా ముద్దుగా ఉంది. సెంటీమీటర్లని మీటర్లు చేయడం మర్చిపోయావ్. ఆ తప్పు జవాబు మూడో ఆప్షన్లో నీ కోసమే కూర్చుని ఉంది. బయాలజీలో నేను చూసింది నాలుగు పేజీలు. అందులోనే మూడు చోట్ల ‘సరికానిది ఏది’ అని అడిగితే నువ్వు సరైనదాన్ని పట్టుకుని దిద్దావ్. ఆ మూడూ నీకు వచ్చు! నాలుగు మూళ్లు పన్నెండు, పోయిన మూడు కలిపితే పదిహేను మార్కులు, నాలుగు పేజీల్లో.

ఇంకొకటి. ఫిజిక్స్‌తో మొదలుపెట్టానని పరీక్ష రోజు ఫోన్లో నువ్వే చెప్పావ్, గంటంబావు అక్కడే అయిపోయిందన్నావ్. ఈ ఏడు నుంచి నూట ఎనభై ప్రశ్నలకి నూట ఎనభై నిమిషాలే, ముందు ఏళ్లలో ఉన్న అదనపు ఇరవై నిమిషాలూ లేవు, ఛాయిసూ లేదు. డెబ్బయి అయిదు నిమిషాలు ఇరవై తొమ్మిది ప్రశ్నల మీద పెట్టి, మిగతా నూట అయిదు నిమిషాల్లో నూట ఇరవై తొమ్మిది ప్రశ్నలు రాశావన్నమాట. ‘సరికానిది’ అన్న మాట కళ్లకి ఆనకపోవడంలో వింతేముంది? బయాలజీతో మొదలుపెట్టాల్సింది. తొంభై ప్రశ్నలున్న సబ్జెక్టు, నీకు బాగా వచ్చిన సబ్జెక్టు.

ఈ పని మొత్తం పేపరుకి చెయ్యి. ఒక్కో ప్రశ్నకి ఒక్కో గడి. రెండు రోజులు పడుతుంది. కడుపులో తిప్పుతుంది కూడా, మధ్యలో లేచి మంచినీళ్లు తాగు. ‘రాదు’ గడి నిండితే ఎవరో కూర్చోబెట్టి పాఠం చెప్పాల్సిందే, అప్పుడు లాంగ్ టర్మ్‌కి డబ్బు కట్టినా అర్థముంది. మిగతా గళ్లు నిండితే కొత్తగా పాఠాలు విని నీకు ఒరిగేదేం లేదు. ఇంట్లో కూర్చుని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు గీతగీతా చదివి, వారానికి రెండు టెస్టులు గడియారం పెట్టుకుని రాసి, ప్రతి టెస్టునీ మళ్లీ గళ్లలో వేసుకోవడం. అంతే.

మీ అన్నయ్య, అదే మా వాడి సంగతి కూడా రాయాలి, నీకు సగమే తెలుసు. వాడికి మొదటిసారి సీటు రాలేదు. విజయవాడ పొలిమేరలో ఒక హాస్టల్లో లాంగ్ టర్మ్‌లో వేశాం. రాలేదు. రెండోసారీ వేశా. ‘వేశాం’ కాదు, నేనే వేశా, మీ పెదనాన్న వద్దన్నాడు. డాక్టరు కొడుకు డాక్టరు కాకపోతే ఆస్పత్రిలో నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ నాది. నవంబరులో ఒక ఆదివారం చూడ్డానికి వెళితే వాడు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు, ఆకలి లేదన్నాడు. ముప్పయ్యేళ్లుగా రోగుల కళ్లు చూసి కామెర్లు చెప్పేదాన్ని. కొడుకు కళ్లు పచ్చబడితే నాకు కనపడలేదు, ఎందుకంటే నేను చూస్తున్నది వాడి వీక్లీ టెస్టు మార్కుల కాగితం. మంగళవారం వాళ్ల వార్డెన్ ఫోన్ చేశాడు. తీసుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టాక పది రోజులకి వాడన్నాడు, ‘అమ్మా, మొదటిసారి నా కోసమే రాశా, రెండోసారి నీ కోసం’ అని. ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు, సుఖంగా ఉన్నాడు, నాతో మాత్రం ఆ రెండేళ్ల గురించి మాట్లాడడు.

అందుకని అడుగుతున్నా. నీట్‌కి ఎన్నిసార్లయినా కూర్చోవచ్చు, పై వయసు పరిమితి కూడా తీసేశారు. కానీ మళ్లీ రాస్తానన్న మాట నీ నోటి నుంచి రావాలి. ఊరికే చెప్పడం కూడా కాదు, నా దగ్గరికొచ్చి ఒక వారం ఉండు. పొద్దున ఎనిమిదింటికి ఇక్కడి పెద్దాస్పత్రి జీజీహెచ్ ఓపీ దగ్గర బెంచీ మీద కూర్చో. ఆ చీటీల క్యూ, ఆ వాసన, నర్సుని తిట్టే అటెండెంట్లు, మధ్యాహ్నం రెండైనా టిఫిను తినని హౌస్ సర్జన్ పిల్లలు. అది చూసి కూడా కావాలనిపిస్తే మిగతాది నేను చూసుకుంటా.

మళ్లీ రాసినా రాయకపోయినా ఈ ఏడు కౌన్సెలింగ్‌కి దరఖాస్తు మాత్రం పెట్టు. మన దగ్గర రెండు దారులు, జనం కలగాపులగం చేస్తారు. రాష్ట్రం సీట్లు మీ విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నింపుతుంది. ప్రభుత్వ కాలేజీల్లో పదిహేను శాతం ఆలిండియా కోటా, ఎయిమ్స్‌లు ఢిల్లీ వాళ్ల మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, ఎంసీసీ చూస్తుంది. మంగళగిరి ఎయిమ్స్ మన గుమ్మంలో ఉందని మనకేదో వాటా ఉంటుందనుకోకు, దాని సీట్లన్నీ దేశమంతటివీ. నువ్వు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా విజయవాడలోనే చదివావ్ కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా లోకల్. ఆ స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకో, స్కూలు వాళ్లు చివరి రోజున సంతకానికి హెడ్‌మాస్టరు లేడంటారు. మీ నాన్న కొట్టు ఆదాయం ఎనిమిది లక్షల లోపే కదా, ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో పేదల కోటా) సర్టిఫికెట్ ఈ ఆర్థిక సంవత్సరానిదే ఉండాలి, నిరుటిది చెల్లదు. సచివాలయంలో రేపే దరఖాస్తు పెట్టమను. నీ స్నేహితురాలు, ఆ బీసీ-డీ అమ్మాయి, తనకి కూడా చెప్పు: ఆలిండియా కోటాకి కేంద్రం నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ వేరే కావాలి, రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రం జాబితాలో ఉంటామని లేదు.

వెబ్ ఆప్షన్లలో నీకు కావాల్సిన వరసే పెట్టు. వచ్చే అవకాశమున్న కాలేజీని పైన పెట్టడం తెలివి అనుకుంటారు. అది వచ్చేస్తే కింద రాసినవాటి మొహం కంప్యూటర్ చూడదు. డెంటల్, ఆయుర్వేదం, హోమియో అన్నీ ఈ నీట్ ర్యాంకు మీదే. విజయవాడలోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ, ఆయుర్వేద కాలేజీ ఉన్నాయి, గుడివాడలో హోమియో ఉంది. ఇష్టముంటేనే పెట్టు. ఏదో ఒకటి అని చేరి ఏడాది మధ్యలో మానేస్తే డబ్బు కట్టాల్సి రావచ్చు, నోటిఫికేషన్‌లో ఆ పేరా నాకు చదివి వినిపించాకే చేరాలి.

మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానని మీ నాన్నకి ఎవడో ఫోన్ చేశాడటగా. బీ (మేనేజ్‌మెంట్), సీ (ఎన్ఆర్ఐ) కేటగిరీలు కూడా నీట్ ర్యాంకు మీద యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లోనే నింపుతారు. ఇప్పించడానికి వాడి చేతిలో ఏముంది? బీ కేటగిరీ ఫీజు ఏడాదికి పది లక్షలు దాటుతుంది. కొట్టు అమ్మి కట్టే చదువు మన ఇంట్లో వద్దు.

విదేశం మాట ఎత్తారని కూడా విన్నా. వెళ్లేవాళ్లని వెళ్లొద్దనను. కనీసం యాభై నాలుగు నెలల కోర్సు, అక్కడే పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చి విదేశంలో చదివినవాళ్ల అర్హత పరీక్ష ఎఫ్ఎంజీఈలో మూడువందలకి నూటయాభై తెచ్చుకోవాలి, ఆపైన ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ పరీక్ష దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయిన పిల్లలు నా దగ్గరికే క్లినిక్‌లో పని అడగడానికి వస్తారు. పాంప్లెట్‌లో ఆ సంగతి ఉండదు. తొందరేం లేదు, అర్హత వచ్చిన నీట్ స్కోరు విదేశానికి మూడేళ్లు చెల్లుతుంది.

ఆదివారం పదింటికల్లా వస్తా. అప్పటికి గళ్లు నింపి ఉంచు, ఒక్క ఫిజిక్స్ అయినా సరే. పొడుం మాస్టారి నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది, అట్ట ఊడిపోయింది, తెస్తా. లాంగ్ టర్మ్ అడ్వాన్సు సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతా, నువ్వు నోరెత్తకు. గోంగూర పచ్చడి తెస్తున్నానని మాత్రం చెప్పు, సీసా ఖాళీ చేసి ఉంచమను.

మీ పెద్దమ్మ