కొత్త నగరంలో నీ చోట్లు నువ్వే వెతుక్కో

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఇల్లు కుదిరింది, ఉద్యోగంలో చేరావు. ఇక మంచి హోటల్, బట్టలు కుట్టే మనిషి, ఫోన్ బాగుచేసే కొట్టు, డాక్టరు ఎక్కడెక్కడ ఉన్నారో ఒక లిస్టు రాసి పంపమన్నావు. పెదనాన్న ట్రాన్స్‌ఫర్ల పుణ్యమా అని నేను తిరిగిన నగరాలు తక్కువేం కాదు కాబట్టి నా దగ్గర అలాంటి లిస్టు ఉంటుందనుకున్నావు. ఉంది. కానీ పంపను. వంటమాస్టర్ మారాడంటే బోర్డు మీద పేరు అదే ఉన్నా అది వేరే హోటలే. టైలర్ కొడుకు దుకాణం అందుకున్నాక చేతిపని అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. పైగా నేను మెచ్చిన కొట్టు నీ ఇంటికి గంట దూరంలో ఉంటే నీకు ఒరిగేదేముంది? ఎవరి లిస్టు వాళ్లే తయారు చేసుకోవాలి. ఎలాగో రాస్తాను.

ముందు దూరం సంగతి తేల్చుకో. ఊళ్లోకల్లా గొప్ప హోటల్ ఏదన్నది చుట్టాలొచ్చినప్పుడు ఆలోచించుకోవచ్చు. మామూలు మంగళవారం రాత్రి ఆఫీసు నుంచి నీరసంగా వచ్చి, వంట చేసే ఓపిక లేనప్పుడు నడిచి వెళ్లగలిగే చోటు ఒకటి నీకు ముందు కావాలి. పారిస్‌లో పనిచేసే ప్రొఫెసర్ కార్లోస్ మొరేనో 2016లో ఒక మాట ప్రతిపాదించాడు. మనిషికి రోజూ కావాల్సినవన్నీ నడకలోనో సైకిల్ మీదో 15 నిమిషాల్లో అందేలా నగరం ఉండాలని. అలా నగరాన్ని కట్టడం అధికారుల పని. నీ ఇంటి చుట్టూ మటుకు నువ్వు ఈ లెక్క వేసుకోవచ్చు. రోజూ, రెండు రోజులకోసారి కావాల్సినవి, అంటే కూరగాయలు, మందులు, తిండి, ఇస్త్రీ, నడిచే దూరంలో చూసుకో. కాస్త తక్కువ రకమైనా సరే. నెలకోసారి వెళ్లేవాటికి ఒక బస్సు ఎక్కితే చాలనుకో. ఏడాదికోసారి పనిపడే పళ్ల డాక్టరు, ఖరీదైన బట్టలు కుట్టే టైలర్ లాంటివాళ్లు నగరానికి ఆ చివర ఉన్నా వెళ్లు, పనితనమే ముఖ్యం. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. తిండి కోసం గంటసేపు ట్రాఫిక్‌లో కూర్చుని, పళ్లు మాత్రం సందు చివర ఎవరుంటే వాళ్లకి అప్పగిస్తారు!

ఇప్పుడు మీరంతా ఫోన్ తీసి స్టార్లు చూస్తారు కదా. చూడొద్దనను, నేనూ చూస్తాను. కానీ రివ్యూ రాసే ఓపిక ఎవరికుంటుందో ఆలోచించు. బాగా మురిసిపోయినవాడికి, బాగా మండినవాడికి. ఫర్వాలేదనుకుని తిని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, వాళ్లు ఏమీ రాయరు. అందుకే పదిమంది కలిసి ఇచ్చిన 4.9 కంటే, రెండు వేలమంది ఇచ్చిన 4.3 మీద నాకు నమ్మకం ఎక్కువ. అయిదు స్టార్లవీ ఒక స్టార్‌వీ పక్కన పెట్టి మూడు స్టార్ల రివ్యూలు చదువు. మంచీ చెడూ రెండూ చెప్పేది వాళ్లే. గత రెండు మూడు నెలల్లో రాసినవే చూడు. ఒకే వారంలో, ఒకే రకం మాటలతో పొగడ్తలు గుట్టగా పడి ఉంటే అవి ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

వీటిని డబ్బిచ్చి ఎందుకు రాయించుకుంటారంటే అందులో లాభముంది మరి. మైకేల్ లూకా అనే హార్వర్డ్ పరిశోధకుడు అమెరికాలోని సియాటిల్ నగరం రెస్టారెంట్ల ఆదాయాలు, యెల్ప్ అనే రివ్యూల వెబ్‌సైట్‌లో వాటికొచ్చిన రేటింగులు పక్కపక్కన పెట్టి 2011లో లెక్క తేల్చాడు. ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందట. అదీ సొంతంగా నడుపుకునే హోటళ్లకే. ఊరూరా బ్రాంచీలున్న చెయిన్లకు ఈ స్టార్ల ప్రభావం కనపడలేదు, వాటి పేరు జనానికి ముందే తెలుసు కాబట్టి. అంటే ఎవరికీ తెలియని చిన్న హోటల్‌కి ఒక్క స్టార్ కూడా బతుకుదెరువే. దొంగ రివ్యూలు అమ్మినా కొన్నా జరిమానా వేసేలా 2024లో అమెరికా ప్రభుత్వం ఏకంగా నిబంధనే తెచ్చింది. కాబట్టి ఫోన్‌లో చూసింది మొదటి వడపోత అనుకో, అంతే.

రెండో వడపోత మనుషులు. దగ్గరి స్నేహితుల్ని అడిగితే నీకు తెలిసిందే చెబుతారు, ఎందుకంటే మీరంతా తిరిగేది ఒకే చోట. 1973లో మార్క్ గ్రనొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త వాదించింది ఇదే. కొత్త సమాచారం ఎక్కువగా మోసుకొచ్చేది అంతంతమాత్రం పరిచయస్తులేనని. ఆయన ఉద్యోగాలు దొరికే తీరు చూసి ఆ మాట అన్నాడు కానీ, మంచి ప్లంబర్ దొరకడానికీ అది సరిగ్గా సరిపోతుంది. కొరియర్ తెచ్చే అబ్బాయి, మీ బిల్డింగ్ వాచ్‌మన్, పై అంతస్తులో పదేళ్లుగా ఉంటున్న ముసలాయన, ఆఫీసులో వేరే డిపార్ట్‌మెంట్ మనిషి, వీళ్లని అడుగు. అడిగే తీరు కూడా ఉంది. "ఇక్కడ మంచి హోటల్ ఏదండీ?" అంటే నీకు నచ్చుతుందనుకున్న, కాస్త గొప్పగా కనిపించే పేరు చెబుతారు. "నిన్న మధ్యాహ్నం మీరు ఎక్కడ తిన్నారు?" అని అడుగు. "మీ ఇంట్లో కుళాయి కారితే ఎవరిని పిలుస్తారు?" అని అడుగు. నిజం వస్తుంది.

హోటల్ విషయానికి వస్తే నేను అలంకరణ చూడను, గిరాకీ చూస్తాను. వండింది వండినట్టు అయిపోతున్న చోట తిండి తాజాగా ఉంటుంది. మధ్యాహ్నం చుట్టుపక్కల పనిచేసేవాళ్లు రోజూ వచ్చి తింటున్నారంటే మంచి గుర్తు. వాళ్లకి మళ్లీ రేపూ అక్కడే తినాలి, కడుపు పాడైతే రారు. మెనూ చిన్నదైతే ఇంకా మంచిది. చిన్న వంటగది నుంచి వందల రకాలు వస్తున్నాయంటే సగం ఫ్రిజ్‌లోంచి వస్తున్నట్టే. మొదటిసారి వెళ్లినప్పుడు అన్నిటికంటే మామూలు వంటకం ఒకటి తీసుకో. మసాలా వెనక దాక్కునే వీలు లేనిదన్నమాట. వెళ్లేది భోజనాల వేళ మొదలవుతున్నప్పుడు వెళ్లు, మూసే ముందు కాదు.

శుభ్రం గురించి రెండు మూడు లెక్కలు గుర్తుంచుకో. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఉన్న తిండిలో సూక్ష్మజీవులు గబగబా పెరుగుతాయి. వండింది బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాబట్టి వేడివి పొగలు కక్కుతూ ఉండాలి, చల్లనివి చల్లగా ఉండాలి. గోరువెచ్చగా పరిచి పెట్టిన బఫే ఎంత అందంగా ఉన్నా నేను పక్కకి తప్పుకుంటాను. నూనె సంగతి గుమ్మంలోనే ముక్కు చెప్పేస్తుంది. మళ్లీ మళ్లీ కాచిన నూనె వాసన గొంతులో గుచ్చుకుంటుంది. కొన్ని నగరాల్లో తనిఖీలో వచ్చిన గ్రేడు హోటల్ బయటే అంటించాలి. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 1998 నుంచి, న్యూయార్క్‌లో 2010 నుంచి ఈ పద్ధతి ఉంది. మీ నగరంలోనూ అలాంటి కాగితం ఉంటే చదువు, కాకపోతే తేదీ కూడా చూడు.

ఇంటికి తెప్పించుకునే హోటల్ నీకు నచ్చిందా, ఒకసారి స్వయంగా వెళ్లి ఫోన్ నంబర్ తీసుకో. యాప్‌లు చాలా చోట్ల బిల్లులో 15 నుంచి 30 శాతం దాకా కమిషన్ పట్టుకుంటాయి. నేరుగా ఆర్డర్ చేస్తే హోటలాయనకి మిగులుతుంది, నీ పేరూ తెలుస్తుంది.

దుకాణాల గురించి ఎక్కువ రాయను, కొనడం నీకు నేర్పక్కర్లేదు. ఒక్కటి చెబుతాను. పెద్ద నగరాల్లో ఒకే వ్యాపారం ఒకే వీధిలో బారులు తీరి కనిపిస్తుంది. దీపాల దుకాణాలన్నీ ఒకచోట, పుస్తకాలన్నీ ఒకచోట. పోటీదారు పక్కనే ఎందుకు కూర్చుంటారా అని నీకు అనిపించవచ్చు. నాలుగు కొట్లు పోల్చి చూసుకోవచ్చని జనం అక్కడికే వస్తారు కనుక, విడిగా ఉన్నవాడికి ఆ జనం రారు. అలాంటి వీధికి వెళితే మొదటి కొట్లో కొనకు. మొదట్లో ఉన్నవాడికి అద్దె ఎక్కువ, తొందరలో ఉన్న కొత్తవాళ్లే ఎక్కువగా అతని దగ్గర ఆగుతారు. లోపలికి నడువు. ఏ కొట్టు మంచిదో తేల్చుకోవడానికి నాదొక పరీక్ష ఉంది. వాళ్ల దగ్గర లేని వస్తువు ఒకటి అడుగుతాను. "మా దగ్గర లేదు, ఎదురు వరసలో నాలుగో షాపులో దొరుకుతుంది" అన్నవాడి దగ్గరికి మళ్లీ వెళతాను. ఉన్నదాన్నే అంటగట్టాలని చూసినవాడి దగ్గరికి వెళ్లను.

ఇక పనివాళ్లు. నీకు టెన్షన్ అంతా ఇక్కడే రాబోతోంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అర్ధరాత్రి పైపు పగిలాక ప్లంబర్‌ని వెతికితే ఎవడు వస్తే వాడే దిక్కు. ఏ ఆపదా లేనప్పుడే, ఒక చిన్న పని ఇచ్చి చూడు. కుళాయి వాషర్ మార్చమను. టైలర్‌కి పెళ్లి బట్టలు ఇచ్చే ముందు ప్యాంటు అంచు కుట్టమను. మూడు సంగతులు గమనించు: చెప్పిన టైముకి వచ్చాడా, పని మొదలుపెట్టే ముందు ఖర్చు చెప్పాడా, పనయ్యాక చెత్త తనే ఎత్తాడా. నా దృష్టిలో మూడోది అన్నిటికంటే గట్టి గుర్తు. బండి గానీ మిషన్ గానీ రిపేరుకిస్తే మార్చిన పాత పార్టు తిరిగి ఇమ్మని ముందే చెప్పు. నిజాయితీపరుడు చిన్నబుచ్చుకోడు. పెద్ద పనైతే అంచనా కాగితం మీద రాయించుకో.

తాళాలు తీసేవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. ఫోన్‌లో తక్కువ చెప్పి, వచ్చాక "ఇది డ్రిల్ చేస్తే తప్ప రాదు" అని పెద్ద బిల్లు వేసే మోసం చాలా దేశాల్లో ఉంది. చేయి తిరిగిన మనిషి మామూలు ఇంటి తాళాన్ని చాలావరకు పగలగొట్టకుండానే తీస్తాడు. ఇప్పుడే మీ పేటలో నిజంగా కొట్టు పెట్టుకుని కూర్చున్న ఒకర్ని చూసి నంబర్ రాసుకో. అంతకంటే సులువు, ఇంకో తాళంచెవి నమ్మకమైన మనిషి దగ్గర ఉంచడం.

మందులు మాత్రం వీలైనంత వరకు ఒకే షాపులో కొను. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా రాసిన మందులు ఒకదానికొకటి పడవన్న సంగతి పట్టుకునేది చాలాసార్లు ఆ కౌంటర్ వెనకున్న ఫార్మసిస్టే. రోజుకో షాపు తిరిగితే ఆ మనిషికి ఎలా తెలుస్తుంది?

పాడైన మిక్సీ, దీపం పారేసే ముందు దగ్గర్లో రిపేర్ కేఫ్ ఉందేమో చూడు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినె పోస్త్మా మొదలుపెట్టింది. వచ్చి కూర్చుంటే పని తెలిసిన వలంటీర్లు నీతో కలిసి ఉచితంగా బాగుచేస్తారు. ఇప్పుడు అలాంటివి చాలా దేశాల్లో వేల సంఖ్యలో ఉన్నాయి.

ఒక చోటు నచ్చాక దాన్ని నిలబెట్టుకోవడం కూడా పనే. రద్దీ లేని వేళ వెళ్లి రెండు మాటలు మాట్లాడు. బాకీ ఉంచకు. ఏదైనా బాగాలేకపోతే అక్కడే మెల్లగా చెప్పు, ఇంటికొచ్చి ఒక స్టార్ పెట్టకు. తెలిసిన గిరాకీ అనుకున్నాక ఆ మనిషి "ఈరోజు అది తీసుకోకమ్మా, నిన్నటిది" అని నీకు చెబుతాడు. ఏ యాప్‌లోనూ ఈ మాట రాదు. అలాగని మొహమాటానికి వేలాడొద్దు. మెనూ ఉన్నట్టుండి పొడుగైనా, వరసగా రెండుసార్లు తేడా చేసినా ఇంకోటి వెతుక్కో.

వచ్చే నెల నీ దగ్గరికి వస్తున్నాను. కళ్లజోడు స్క్రూ వదులైంది, ఇక్కడ అడిగితే కొత్త ఫ్రేమే కొనమంటున్నారు. బిగించి ఇచ్చే మనిషి ఎవరైనా ఉన్నారేమో ఈలోగా చూసిపెట్టు.

ఇట్లు,
పెద్దమ్మ