రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో లైంగిక వేధింపులకు గురైన పిల్లలకు థెరపీ చేయొచ్చా?

పెద్దవాళ్లకు కౌన్సెలింగ్ చేస్తున్నానని, లైంగిక వేధింపులకు గురైన పిల్లల కేసులు తీసుకోవడానికి ఒక వర్క్‌షాప్ చాలునా అని అడిగారు. చాలదండీ. వర్క్‌షాప్‌లో పద్ధతి తెలుస్తుంది. చేయి తిరిగేది మాత్రం మీ కేసును అనుభవమున్నవాళ్ల ముందు పెట్టి, తప్పులు చెప్పించుకున్నప్పుడే.

ఈ పిల్లల విషయంలో గట్టి ఆధారాలున్న పద్ధతుల్లో ముందు వరుసలో ఉన్నది ట్రామా ఫోకస్డ్ సీబీటీ, అంటే మనసుకు తగిలిన గాయం చుట్టూ ఉన్న ఆలోచనలు, ప్రవర్తన మీద మాటల ద్వారా పనిచేసే థెరపీ. దీన్ని కోహెన్, మానరినో, డెబ్లింజర్ అనే ముగ్గురు అమెరికన్ నిపుణులు రూపొందించారు. 3 నుంచి 18 ఏళ్ల వాళ్లకు, మామూలుగా 12 నుంచి 16 సెషన్లు. దీని సర్టిఫికేషన్‌కు ఏం అడుగుతారో చూస్తే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది: మాస్టర్స్ డిగ్రీ, లైసెన్స్, ఆన్‌లైన్ కోర్సు, కనీసం రెండు రోజుల ప్రత్యక్ష శిక్షణ, ఆ తర్వాత నెలల తరబడి కన్సల్టేషన్ కాల్స్ (అనుభవమున్నవాళ్లతో మీ కేసులు చర్చించడం), మూడు పూర్తి కేసులు, చివర్లో పరీక్ష. ఆ మూడింట్లో కనీసం రెండు కేసుల్లో తల్లిదండ్రులో, మరో పెద్దవాళ్లో కూడా పాల్గొనాలి. అంటే ఆ రెండు రోజులు మొదలు మాత్రమే.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ట్రామా నెరేటివ్ దగ్గర, అంటే జరిగినదాన్ని బిడ్డ తన మాటల్లో కొంచెం కొంచెంగా చెప్పే దశలో. బిడ్డ బాధపడుతుందేమోనని రిలాక్సేషన్‌తోనే పది సెషన్లు గడిపేస్తారు. నిజానికి తప్పించుకునేది థెరపిస్టే. మొదటి సెషన్ నుంచే ఆ విషయాన్ని దాని పేరుతో పిలవాలి. మర్మాంగాల పేర్లను తడబడకుండా పైకి పలకడం రోల్‌ప్లేలో సాధన చేయండి. బిడ్డ చూసేది మీ ముఖాన్నే. రిలాక్సేషన్‌లో కూడా పడుకోబెట్టి కళ్లు మూసుకోమంటే కొందరు పిల్లలు హడలిపోతారు. కుర్చీలో కూర్చుని, కళ్లు తెరిచే చేయించొచ్చు.

ఇంకో తప్పు విచారణాధికారి అయిపోవడం. ‘ఆయన ఇక్కడ ముట్టుకున్నాడా?’ లాంటి ప్రశ్న జవాబును నోట్లో పెడుతుంది, రేపు కోర్టులో సాక్ష్యాన్నీ దెబ్బతీస్తుంది. ఆధారాలు సేకరించే ఇంటర్వ్యూకు వేరే శిక్షణ ఉంది, అది చేసేవాళ్లు వేరే. అలాగే ‘ముందే ఎందుకు చెప్పలేదు?’ అనే మాట మీ నోట రాకూడదు. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వడం కూడా కుదరదు. మీ దగ్గరి చట్టం ప్రకారం ఎవరికి, ఎంత గడువులో తెలియజేయాలో మొదటి కేసు కంటే ముందే తెలుసుకుని, బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

తల్లిదండ్రుల సమయాన్ని కోసేయకండి. సెషన్‌లో దాదాపు సగం వాళ్లదే. బిడ్డ రాసుకున్న నెరేటివ్‌ను ముందు వాళ్లకు విడిగా వినిపించి, ఆ ఏడుపు, కోపం అక్కడే తీరాక గానీ బిడ్డతో కలిపి కూర్చోబెట్టకూడదు.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఒక్కటి అడగండి: మా సెషన్ రికార్డింగులు, అనుమతితోనే లెండి, ఎవరైనా వింటారా? వినరంటే వేరే కోర్సు చూసుకోండి.

మొదటి కేసుగా, వేధించిన మనిషి ఇప్పుడు ఇంట్లో లేని, వెంట రావడానికి ఒక పెద్ద దిక్కున్న బిడ్డను తీసుకోండి. ప్రమాదం ఇంకా ఇంట్లోనే ఉంటే నెరేటివ్ జోలికి వెళ్లకుండా ముందు భద్రత సంగతి చూడాలి, అది ఒక్కరితో అయ్యే పని కాదు.