సైబర్ సెక్యూరిటీ కొలువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచే. ఏ కోర్సు మంచిదని అడిగినవాళ్లు కొందరే. ‘నాలాంటివాళ్లను ఈ పనిలోకి రానిస్తారా?’ అని అడిగినవాళ్లే ఎక్కువ. ఆ ప్రశ్నలకే ఈసారి చోటిచ్చాం.

నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. బెంగళూరులో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు 85 వేలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఈసారి శెనక్కాయలు చేతికి రాలేదు. అయినా మా నాయన అప్పు చేసైనా కడతానంటున్నాడు. కట్టమంటారా? బీటెక్ లేకుంటే తీసుకోరా?
– ఒక పాఠకురాలు, ఉరవకొండ

కట్టొద్దమ్మా. ఆ గ్యారంటీ ఏమిటో, ఉద్యోగం రాకుంటే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో కాగితం మీద రాసిమ్మని అడిగి చూడండి. రాసివ్వకుంటే అక్కడికి ఆ సంగతి వదిలేయండి.

కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికేది హ్యాకింగ్ పని కాదు, కాపలా పని. సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, వాడుకలో సాక్ అంటారు. వచ్చిన అలర్ట్‌ను చూడాలి, నిజమైనదో ఉత్తుత్తిదో తేల్చాలి, నాలుగు వాక్యాలు రాసి పైవాళ్లకు పంపాలి. దీనికి బీఎస్సీ చాలు. బీటెక్ ఉండాలని పట్టుబట్టే కంపెనీలు ఉన్నాయి, కాదనం. పని చూసి తీసుకునేవీ ఉన్నాయి, మీరు వెతకాల్సింది వాటినే.

మొదటి రెండు నెలలు నెట్‌వర్క్ పునాదులకు ఇవ్వండి. ఐపీ అడ్రసు, పోర్టు, డీఎన్ఎస్ అంటే ఏమిటో, రెండు కంప్యూటర్లు మాట మొదలుపెట్టే ముందు ఇచ్చిపుచ్చుకునే మూడు సందేశాలేమిటో చూడకుండా చెప్పగలగాలి. లినక్స్ కోసం ‘ఓవర్ ది వైర్’ వాళ్ల ‘బ్యాండిట్’ ఆట ఆడండి. ఉచితం. ఇప్పటి విండోస్‌లో ఉండే కమాండ్ విండో నుంచే దానిలోకి వెళ్లొచ్చు, ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది. వెబ్‌సైట్ల లోపాల గురించి ‘పోర్ట్‌స్విగ్గర్’ వాళ్ల అకాడమీ కూడా ఉచితమే. పాత ల్యాప్‌టాప్ కొనేటట్టయితే ప్రాసెసర్ గొప్పలు వినొద్దు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నాయో లేదో చూడండి. 4 జీబీ మీద వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్, పెడితే రెండూ నిలిచిపోతాయి. ర్యామ్ ఉన్నా వర్చువల్ మెషిన్ లేవకుంటే, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని ఎలా ఉంటుందో ఇంట్లోనే చూడండి. విండోస్ కంప్యూటర్ లాక్ చేసి, పిన్‌తో కాకుండా పాస్‌వర్డ్‌తో ఐదుసార్లు కావాలనే తప్పు కొట్టండి, ఆరోసారి సరైనది కొట్టండి. కంప్యూటర్‌లో జరిగినవాటి నమోదులు చూపే ఈవెంట్ వ్యూయర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్ లాగ్స్‌లో (లాగ్ అంటే ఆ నమోదుల చిట్టా) సెక్యూరిటీకి వెళ్లి, 4625 అంకెతో ఫిల్టర్ పెట్టండి. అవి మీ తప్పు ప్రయత్నాలు. ఏమీ కనిపించకుంటే ఆ కంప్యూటర్‌లో విఫలమైన లాగిన్ల నమోదు ఆపి ఉందన్నమాట. ఆడిట్ సెట్టింగుల్లో లాగాన్ కింద ఫెయిల్యూర్‌ను ఆన్ చేసి మళ్లీ ప్రయత్నించండి. సరైన లాగిన్ 4624 కింద పడుతుంది.

ఒక్కో నమోదును తెరిచి నింపాదిగా చదవండి. లాగాన్ టైప్ 7 అంటే లాక్ తీయడం, 3 అంటే నెట్‌వర్క్ మీదుగా రావడం, 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్. సబ్ స్టేటస్ కోడ్ చివర 64 ఉంటే ఆ పేరుతో యూజరే లేడు. చివర 6ఎ ఉంటే యూజర్ ఉన్నాడు, పాస్‌వర్డ్ తప్పు. ఒకే యూజర్ మీద వందల 4625లు పడుతుంటే ఎవరో పాస్‌వర్డ్ ఊహిస్తున్నారు. యాభై మంది యూజర్ల మీద తలా ఒకటి రెండుసార్లు పడుతుంటే, ఒకే తేలిక పాస్‌వర్డ్‌ను అందరి మీదా తిప్పుతున్నారు. రెండోది ప్రమాదం, ఎందుకంటే ఏ ఒక్క అకౌంటూ లాక్ కాదు, ఎవరికీ అనుమానం రాదు. వాటి వెనకే అదే అడ్రసు నుంచి ఒక 4624 కనిపించిందా, దొంగ ఇంట్లోకి వచ్చేసినట్టే. అప్పుడిక ఆగకూడదు, వెంటనే పైవాళ్లను లేపాలి.

ఇలాంటివి పది చేసి, ఒక్కోదానికి ఒక పేజీ రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో 85 వేల సర్టిఫికెట్ కంటే ఆ పది పేజీలు గట్టిగా మాట్లాడతాయి. సర్టిఫికెట్ కూడా కావాలనుకుంటే, సైబర్ సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇచ్చే ఐఎస్‌సీ2 సంస్థ ప్రవేశ స్థాయి పరీక్షను పది లక్షల మందికి ఉచితంగా పెడతామని 2022లో ప్రకటించింది. మీరు దరఖాస్తు చేసేనాటికి ఆ వీలు ఉందో లేదో వాళ్ల సైట్‌లోనే చూసుకోండి. పాసయ్యాక సర్టిఫికెట్ నిలబడాలంటే ఏటా 50 డాలర్లు కట్టాలి. చాలామందికి ఈ సంగతి పాసయ్యాకే తెలుస్తోంది, అందుకే ముందే చెబుతున్నాం.

ప్రాక్టీసు కోసం మా కాలేజీ వెబ్‌సైట్‌ను స్కాన్ చేయొచ్చా? ఏమీ పాడు చేయను.
– ఒక విద్యార్థి, కర్నూలు

వద్దు. రాతపూర్వక అనుమతి లేకుండా వేరేవాళ్ల సిస్టమ్‌లో వేలు పెడితే ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కిందికి రావచ్చు. 66 కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ‘ఓవాస్ప్ జ్యూస్ షాప్’ను మీ ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోండి. పగలగొట్టడానికే కట్టిన బొమ్మ దుకాణమది. వేరే సైట్‌లో లోపం అనుకోకుండా కంట పడితే మరింత తవ్వకుండా ఆ సంస్థకో, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కో రాయండి.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. లాగ్స్ చదవగలను గానీ రిపోర్టు ఇంగ్లీషులో రాయాలంటే చెయ్యి ఆడదు. ఇంటర్వ్యూలో నోరు పెగలదు.
– ఒక పాఠకుడు, ఆదోని

రిపోర్టు బాగోలేకపోవడానికి భాష కంటే క్రమం లేకపోవడమే పెద్ద కారణం. ముందు తెలుగులోనే రాయండి. ఇలా:

‘13వ తేదీ తెల్లవారుజామున 2:10 నుంచి 2:26 వరకు ఒకే బయటి అడ్రసు నుంచి అకౌంట్స్ సర్వర్ మీద 214 విఫలమైన లాగిన్లు పడ్డాయి. అన్నీ అడ్మినిస్ట్రేటర్ పేరు మీదే. 2:27కు అదే అడ్రసు నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా లాగిన్ కుదిరింది. 2:31కు కొత్త యూజర్ తయారయ్యాడు. ఆ యూజర్ సంగతి అడ్మిన్‌కు తెలుసో లేదో ఇంకా తేలలేదు. సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి వేరు చేయాలని సిఫారసు.’

ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఏం తేలలేదు, ఏం చేయాలి. అంతే. దీన్ని ఇంగ్లీషులోకి మారిస్తే ఆరేడు చిన్న వాక్యాలు, అన్నీ జరిగిపోయిన కాలంలో. ఇలాంటివి ముప్పై రాసేసరికి అవే క్రియలు మళ్లీ మళ్లీ వస్తాయి, చేతికి అలవాటవుతాయి. రాసినదాన్ని రోజూ పైకి చదవండి, ఇంటర్వ్యూలో నోరు తిరగడానికి అదే సాధన.

ఒక తప్పు మాత్రం ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లూ చేస్తారు. చాలా లాగ్స్‌లో సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన టైముకు ఐదున్నర గంటలు వెనక. పైన మన 13వ తేదీ 2:10 అన్నది అక్కడ 12వ తేదీ 20:40గా కనిపిస్తుంది. తేదీయే మారిపోతుంది. ప్రతి సమయం పక్కన ఏ టైమో రాయండి.

తెలుగు మీకు అడ్డం అనుకోవద్దు. డిజిటల్ అరెస్టు అని బెదిరిస్తే వణికిపోయిన పెద్దాయనకు, డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలని, ఆలస్యమైన కొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుందని అర్థమయ్యేలా చెప్పగలిగేది మీరే. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో సిబ్బందికి అవగాహన తరగతులు తెలుగులో చెప్పేవాళ్లు చాలక ఇబ్బందిగా ఉంది.

నాకు చూపు పూర్తిగా లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏతో కంప్యూటర్ బాగా వాడతాను. సైబర్ సెక్యూరిటీ అంటే అన్నీ గ్రాఫులు, రంగులేనని మా లెక్చరర్ అన్నారు. నిజమేనా?
– డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థి, ప్రొద్దుటూరు

సగం నిజం. తెర మీది డ్యాష్‌బోర్డు రంగులమయమే. దాని వెనకున్న సమాచారం మాత్రం అక్షరాలే, వరుసలే. ఆ అక్షరాల దగ్గరికి నేరుగా వెళ్లే దారి మీకు కావాలి, ఆ దారి ఉంది.

వర్చువల్ మెషిన్‌తో మొదలుపెట్టొద్దు. అందులో ఎన్‌వీడీఏకు లోపలి తెర చిత్రంలాగే కనిపిస్తుంది, ఇన్సర్ట్ కీ ఎన్‌వీడీఏకు చెందాలో వర్చువల్ మెషిన్‌కు చెందాలో తగాదా పడుతుంది. దాని బదులు విండోస్‌లోనే ఉండే లినక్స్ సబ్‌సిస్టమ్ పెట్టుకోండి. సెక్యూరిటీ పనిముట్లతో వచ్చే కాలీ లినక్స్ కూడా అందులో దొరుకుతుంది, టెర్మినల్‌ను ఎన్‌వీడీఏ నేరుగా చదువుతుంది. విడిగా లినక్స్ కంప్యూటరే కావాలనుకుంటే డెబియన్ అనే లినక్స్ ఇన్‌స్టాలర్ బూట్ మెనూలో ఎస్ కొట్టి ఎంటర్ నొక్కండి, ఇన్‌స్టాలేషన్ అంతా మాటలతో నడుస్తుంది.

నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారాన్ని పట్టి చూపే వైర్‌షార్క్ కిటికీతో కుస్తీ పట్టకండి. దాని కమాండ్ రూపం టీషార్క్ అదే పని చేస్తుంది, మీకు కావలసిన మూడు నాలుగు గడులనే వరుసగా ఇస్తుంది. ఒక మెలకువ: ఏ కమాండ్ ఫలితాన్నైనా తెర మీదికి వదలొద్దు. వేల వరుసలు ఒక్కసారిగా వచ్చిపడితే స్క్రీన్ రీడర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఫైల్‌లోకి పంపండి, ముందు ఎన్ని వరుసలో లెక్క చూడండి, వడగట్టి వందకు దించాక నోట్‌ప్యాడ్‌లో చదవండి. చూపున్నవాళ్లు కూడా ఇలాగే చేయాలి. వాళ్లు తెర మీద కళ్లు పరిగెత్తించి ముఖ్యమైనది వదిలేస్తుంటారు.

అడ్డంకులు ఎక్కడొస్తాయో కూడా చెప్పాలి. కొన్ని సాక్ పనిముట్లలో అలర్ట్ తీవ్రత ఎరుపు, పసుపు చుక్కలతోనే ఉంటుంది, పక్కన మాట ఉండదు. స్క్రీన్‌షాట్ల మీదే నడిచే పాఠాలు ఉంటాయి. క్యాప్చా మరో తలనొప్పి. అలర్ట్‌లను సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన అక్షరాల వరుసలుగా) దించుకునే వీలుంటే చుక్కల సమస్య చాలావరకు తీరుతుంది. ఇంటర్వ్యూలోనే ఈ మాట అడగండి.

సర్టిఫికెట్ పరీక్షకు డబ్బు కట్టి తేదీ తీసుకున్నాక సదుపాయాలు అడిగితే పని జరగదు. అదనపు సమయం, స్క్రీన్ రీడర్ లేదా చదివిపెట్టే మనిషి కావాలని ముందే దరఖాస్తు పెట్టి, అనుమతి చేతికొచ్చాకే తేదీ తీసుకోండి. ఇంటి నుంచి రాసే పరీక్షలో స్క్రీన్ రీడర్‌ను ఒప్పుకుంటారా అన్నది మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ దగ్గరుంచుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థల ఖాళీల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో 1 శాతం చూపు లేని, చూపు తక్కువున్న వారికి. ప్రైవేటు సంస్థలైనా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది, ఆపై సిబ్బంది ఉంటే అందులో సదుపాయాలు, తగిన పోస్టుల వివరాలూ ఉండాలి. కంపెనీ సైట్‌లో అది వెతకండి. లేకుంటే అడగండి. అడగడం తప్పు కాదు, మీ హక్కు.

పెళ్లికి ముందు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. పిల్లల కోసం ఆరేళ్లు ఆగాను. సైబర్ సెక్యూరిటీ అంటే నైట్ షిఫ్టులేనట కదా?
– ఒక గృహిణి, కడప

సాక్‌లో అవును, అది 24 గంటలూ నడవాలి. ఆడిట్, రిస్క్, నిబంధనల అమలు చూసే విభాగం, అంటే జీఆర్‌సీ, ఎక్కువగా పగటి పనే. కొంత ఇంటి నుంచీ చేయొచ్చు. టెస్టింగ్‌లో మీరు చేసింది ఏమిటి? ఇలా ఉండాలి అన్నది ఒకటి, ఇలా ఉంది అన్నది మరొకటి, మధ్య తేడాకు రుజువు చూపించడం. ఆడిట్ కూడా అదే.

సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 27001తో మొదలుపెట్టండి. 2022 కూర్పులో 93 నియంత్రణలు ఉన్నాయి. రోజుకు రెండు చదివి, ‘దీనికి రుజువు ఏం అడగాలి?’ అని రాసుకోండి. ఉదాహరణకు, మానేసిన ఉద్యోగి లాగిన్ తీసేశారా అన్నదానికి హెచ్‌ఆర్ మాట రుజువు కాదు. ఆ నెల మానేసినవాళ్ల జాబితా, లాగిన్ ఆపిన తేదీల జాబితా పక్కపక్కన పెట్టి చూడాలి. దాంతోపాటు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చదవండి. తగిన భద్రత పెట్టక డేటా బయటికి పోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు కాబట్టి కంపెనీలు ఈ పని తెలిసినవాళ్లను వెతుక్కుంటున్నాయి. బయోడేటాలో ఆరేళ్ల ఖాళీని దాచొద్దు. ‘కుటుంబ బాధ్యతలు, 6 సంవత్సరాలు’ అని ఒక వరుస రాసి ముందుకు సాగండి.

మాది కర్నూలులో చిన్న ఐటీ సర్వీసెస్ కంపెనీ. సెక్యూరిటీ ఫ్రెషర్ కావాలని మూడుసార్లు ప్రకటన ఇచ్చాం. ఆడపిల్లలు, దివ్యాంగులు ఒక్కరూ దరఖాస్తు చేయలేదు. మేం కావాలనే కోరుకుంటున్నాం, లోపం ఎక్కడ?
– ఒక మేనేజర్

మీరు పంపిన ప్రకటనలోనే ఉంది. ఫ్రెషర్ అంటూనే సీఐఎస్ఎస్‌పీ ఉండాలన్నారు. ఆ సర్టిఫికెట్ పూర్తిగా చేతికి రావాలంటే ఐదేళ్ల అనుభవం కావాలి, కంప్యూటర్ సంబంధిత డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గుతుంది. ఏ ఫ్రెషర్‌కూ అది ఉండే అవకాశమే లేదు. అది లేకున్నా ధైర్యం చేసి దరఖాస్తు పెట్టేవాళ్లు కొందరుంటారు. ‘నాకు అర్హత లేదు’ అని నిజాయితీగా ఆగిపోయేవాళ్లు ఎక్కువమంది, మీరు పోగొట్టుకుంటున్నది వాళ్లనే. పదకొండు టూల్స్ పేర్లు కూడా రాశారు. మొదటి రోజే నిజంగా కావలసినవి నాలుగు ఉంచి, మిగతావి ‘మేం నేర్పుతాం’ కింద పెట్టండి.

‘రొటేషనల్ షిఫ్టులు’ అని వదిలేయకుండా నెలకు ఎన్ని రాత్రులు, ఇంటి దాకా బండి ఉందా, ఆఫీసు ఏ అంతస్తు, లిఫ్టు ఉందా రాయండి. కల్లూరు నుంచో కోడుమూరు నుంచో కూతుర్ని పంపే తండ్రి ముందు అడిగేది ఇదే. పది మంది, ఆపై సిబ్బంది ఉన్నచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ చట్టప్రకారం ఉండి తీరాలి. ఉందని ప్రకటనలో ఒక వాక్యం వేయండి.

ఇంటర్వ్యూలో నిర్వచనాలు అడగొద్దు. ఇరవై వరుసల లాగ్ ఇచ్చి, 45 నిమిషాల్లో ఏం జరిగిందో అర పేజీ రాయమనండి. ఇంగ్లీషైనా తెలుగైనా సరే. పేర్లు తీసేసి, ముందే రాసుకున్న మార్కుల పట్టీతో ఇద్దరు విడివిడిగా దిద్దండి. వినికిడి లేని అభ్యర్థికి ప్రశ్నలు రాసివ్వండి. ఉద్యోగంలో చేరాక అత్యవసర సమాచారం ఫోన్‌తోపాటు చాట్‌లోనూ వచ్చే ఏర్పాటు చేయండి. అభ్యర్థి వచ్చేలోపు మీ డ్యాష్‌బోర్డు తెరిచి, ప్రతి రంగు చుక్క పక్కన ‘తీవ్రం’, ‘మధ్యస్థం’ అని మాట ఉందో లేదో ఒకసారి చూడండి. లేకుంటే ఇప్పుడే చేర్పించండి. ప్రొద్దుటూరు నుంచి రాసిన ఆ విద్యార్థి వచ్చే ఏడాది డిగ్రీ పూర్తి చేస్తున్నాడు.