చివరి నాలుగు లైన్లు తీసెయ్యి

తమ్ముడూ,

నీ భక్తి కవితలన్నీ చదివాను. వాటి గురించి చెప్పేముందు, నువ్వు ఉత్తరం చివర్లో ఒక్క లైన్లో రాసి దాటేసిన సంగతి మాట్లాడాలి. నిద్ర పట్టడం లేదు, పొద్దున్నే లేవాలంటే భయమేస్తోంది, ఇష్టమైనవి కూడా రుచించడం లేదు అన్నావు. రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఇలాగే ఉంటోందంటే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టర్ దగ్గరికి వెళ్లు. మందులు రాస్తే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తేడా లేదని నీ అంతట నువ్వు మానేయకు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే కాగితం ముందు కూర్చోకు, ఆ క్షణమే ఎవరో ఒకరికి చెప్పు, ఎంత రాత్రయినా సరే.

దేవుడి మీద నమ్మకం గట్టిగా ఉంటే డాక్టరూ మందులూ అవసరం లేదని నీకు ఎవరో చెప్పినట్టున్నారు. విలియం కూపర్ అనే ఇంగ్లిష్ కవి ఉండేవాడు. 1779లో అచ్చయిన ఒక భక్తిగీతాల సంపుటిలో ఆయన పాటలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్నిటిని చర్చిల్లో ఇప్పటికీ పాడుతున్నారు. అదే మనిషి 1773లో ఘోరంగా కుంగిపోయి, దేవుడు తనని వదిలేశాడని నమ్మాడు, 1800లో పోయేదాకా ఆ బాధ ఆయన్ని పూర్తిగా వదల్లేదు. ఆయన భక్తి తక్కువదని ఎవరనగలరు? జబ్బు జబ్బే. కవిత్వం దాని పక్కన ఉండి చేసే పని వేరే ఉంది, ఆ పని గొప్పదే, కానీ మొత్తం బరువు దాని మీదే వేస్తే నువ్వూ నలుగుతావు, కవితా నలుగుతుంది.

ఇక కవితలు. ప్రతిదీ చీకట్లో మొదలై చివరి నాలుగు లైన్లలో వెలుగులోకి వచ్చేస్తోంది. నిజంగా వచ్చిందా, లేక భక్తి కవిత కాబట్టి రావాలని రాశావా? నాకు రెండోదే అనిపించింది, ఎందుకంటే మొదటి భాగంలో మూడు రోజులుగా మాసిన బట్టలు, ఎత్తని ఫోను ఉన్నాయి, చివర్లో మాత్రం కరుణ, జ్యోతి, అమృతం. ఆ మాటలు నీవి కావు. బైబిల్లో 88వ కీర్తన తీసి చదువు, అందులో ఆ మలుపే లేదు, చీకటే నాకు బంధువు అన్న మాట దగ్గర ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసేయలేదు, ప్రార్థనల మధ్యే ఉంచారు.

మన రామదాసు సంగతి చూడు. గోల్కొండ చెరలో ఉండి రాముడికి లెక్కలు చెప్తాడు, సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు పట్టాయని, ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీస్తాడు, మళ్లీ ఆ వెంటనే, దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టానయ్యా, ఏమీ అనుకోకు అంటాడు. కోపమూ ప్రేమా రెండూ ఒకే పాటలో, ఒకే నోట. దేవుణ్ణి తిడితే పాపమేమోనని నువ్వు రాసి కొట్టేసిన లైన్లు ఉంటాయి కదా, నాకు అవి కావాలి.

అన్నిటికంటే నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. కుంగుబాటులో మనసు ఒకే మాట చుట్టూ తిరుగుతుంది, నేను పనికిరాను, నేను పనికిరాను అని. దాన్నే కాగితం మీద పెడితే ఒక్కోసారి ఇంకా లోపలికి లాగుతుంది. అందుకే ఎవరితో మాట్లాడుతున్నావో ముందు తేల్చుకో. "నేను ఒంటరిని" అనేదాన్ని "నువ్వెక్కడికి పోయావు?" అని మార్చి చూడు. బాధ అంతే ఉంటుంది, కానీ ఎదురుగా ఒకరు వచ్చి నిలబడతారు. మన శతకాల్లో మకుటం చేసేది ఇదే. ఎంత దిగులు పద్యమైనా చివరికి శ్రీకాళహస్తీశ్వరా అనో, దాశరథీ కరుణాపయోనిధీ అనో పిలవాల్సిందే. ఇంకో లాభం కూడా ఉంది, ఏమీ రాయలేని రోజున కూడా చివరి పిలుపు సిద్ధంగా ఉంటుంది, దానికి ముందు రెండు ముక్కలు రాస్తే చాలు. నీకంటూ ఒక మకుటం పెట్టుకో. గ్రాంథికం అక్కర్లేదు, ఛందస్సు అక్కర్లేదు, నువ్వు నిజంగా పిలిచే పేరయితే చాలు.

రాస్తుంటే ఊపిరాడనట్టు అనిపిస్తే మాత్రం ఆపెయ్. అప్పుడు రాయడం కంటే పాతవాళ్లవి పైకి చదవడం మేలు, మన దగ్గర మాటల్లేనప్పుడు వాళ్ల మాటలు వాడుకోవచ్చు, భజనల్లో అందరూ చేసేది అదే కదా. అన్నీ అచ్చుకి పంపాలన్న తొందర కూడా వద్దు, కొన్ని నీకూ నీ దేవుడికీ మధ్యే ఉండనీ.

రెండో కవిత బాగుంది, ఆ ఫోను ఉన్నది. చివరి నాలుగు లైన్లు కొట్టేసి, వాటి బదులు ఏమీ కలపకుండా మళ్లీ పంపు. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పుడో కూడా అందులోనే రాయి.