టెండర్‌లో అన్యాయం, పాత బిల్లు బకాయి: ముందు ఏ కోర్టుకు వెళ్లాలి?

ప్రశ్న: మాది ఏలూరు జిల్లాలో చిన్న వర్క్‌షాపు. ప్రభుత్వ బడులకు డ్యూయల్ డెస్కులు తయారుచేస్తాం. మొన్నటి టెండర్‌లో, సీఏ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ (సీఏ జారీచేసే ప్రతి పత్రానికి ఉండే గుర్తింపు సంఖ్య) లేదని మా టెక్నికల్ బిడ్ తోసిపుచ్చారు. మా రేటు తెరవనే లేదు. మిగతా ముగ్గురూ పైసాతో సహా ఒకే రేటు వేశారు. వాళ్లలో ఒకరికి తక్కువైన కాగితాన్ని తర్వాత అప్‌లోడ్ చేసుకోనిచ్చారు. వర్క్ ఆర్డర్ ఇంకా ఇవ్వలేదు. ఇదే ఆఫీసు నుంచి రెండేళ్ల కిందటి సరఫరాకు 14 లక్షలు రావాలి. అన్నీ కలిపి హైకోర్టులో ఒకే రిట్ వేయవచ్చా?

జవాబు: వద్దండి. మీ కష్టం ఒకటే అయినా చట్టానికి ఇవి వేర్వేరు తగాదాలు. అన్నీ ఒకే పిటిషన్‌లో కుక్కితే, డబ్బుల సంగతి సివిల్ కోర్టులో చూసుకోమంటారు, కుమ్మక్కు సంగతికి సాక్ష్యం ఏదంటారు. ఆ గందరగోళంలో మీ బలమైన పాయింటు మరుగున పడిపోతుంది.

ముందు టెండర్ సంగతి చూడండి, ఎందుకంటే అక్కడ రోజులు లెక్క. వర్క్ ఆర్డర్ వెళ్లి డెస్కులు బడులకు చేరడం మొదలైతే కోర్టు చేయగలిగింది తగ్గిపోతుంది. రాజ్యాంగం 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ వెంటనే వేయండి. అయితే ‘మా రేటు తక్కువ’ అనే వాదన మీద ఆధారపడకండి. హైకోర్టు చూసేది నిర్ణయం తీసుకున్న పద్ధతినే తప్ప నిర్ణయం మంచిచెడ్డలను కాదని 1994లో టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

టెండర్ నోటీసులో టర్నోవర్ క్లాజు మళ్లీ చదవండి. యూడీఐఎన్ లేకపోతే బిడ్ చెల్లదని స్పష్టంగా రాసి ఉంటే ఆ పాయింటులో మీరు బలహీనులే, ఈ మాట ముందే చెప్పడం నా బాధ్యత. అలా రాసి లేకపోతే, ముఖ్యమైన షరతులు వేరు, అనుబంధ షరతులు వేరు అని 1991 పొద్దార్ స్టీల్ తీర్పు చెప్పింది, దాన్ని చూపించవచ్చు. నా దృష్టిలో మీకు అసలు బలం ఇంకోచోట ఉంది. ఒకరికి కాగితం సరిదిద్దుకునే అవకాశం ఇచ్చి మీకు ఇవ్వకపోవడం అందరినీ సమానంగా చూడాలనే 14వ అధికరణకు తగిలే విషయం. పిటిషన్ మొదటి పేజీలోనే అది కనిపించాలి.

ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో మీ తిరస్కరణ మెసేజ్‌ను తేదీ, టైముతో సహా ఇవాళే ప్రింట్ తీసుకోండి. అందులో రాసిన కారణానికే ఆఫీసు కట్టుబడాలి. తర్వాత కోర్టులో వేసే జవాబు, అంటే కౌంటర్ అఫిడవిట్‌లో కొత్త కారణాలు చేర్చడం కుదరదని 1978 మొహిందర్ సింగ్ గిల్ తీర్పు. ఆ ముగ్గురు బిడ్డర్లనూ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే అవసరమైన పార్టీలు లేరన్న అభ్యంతరం వస్తుంది. టెండర్ మీకే ఇమ్మని కోర్టు చెప్పడం అరుదు. బిడ్‌ను మళ్లీ పరిశీలించమని అడగడమే సబబు.

ఒకే రేటు విషయానికి కాంపిటీషన్ చట్టం, 2002 ఉంది. బిడ్డర్లు కుమ్మక్కవడం సెక్షన్ 3(3)(డి) కిందికి వస్తుంది. ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్‌కు సెక్షన్ 19 కింద సమాచారం ఇవ్వవచ్చు, గడువు మూడేళ్లు. అయితే ఒకే రేటు కనబడగానే కేసు గెలిచినట్టు కాదు. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) 2009 టెండర్‌లో అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలకు మూడు కంపెనీలూ కిలోకు 388 రూపాయలే వేశాయి, ఆ కుమ్మక్కును 2017లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. మరుసటి ఏడాదే గ్యాస్ సిలిండర్ల తయారీదారుల కేసులో, రేట్లు ఒకటైనంత మాత్రాన కుమ్మక్కు అనలేమంది. కాబట్టి రేటుకు తోడు ఇంకేదైనా కావాలి. ముగ్గురి ఈఎండీ (బిడ్‌తో కట్టే డిపాజిట్) డీడీలు ఒకే బ్రాంచిలో వరుస నంబర్లతో తీశారా? కవరింగ్ లెటర్లలో ఒకే అక్షర దోషం ఉందా? బిడ్ కాగితాలకు ఆర్టీఐ పెట్టండి. ఇది నెమ్మదిగా నడిచే పని, టెండర్ ఆపడానికి దీన్ని నమ్ముకోకండి.

ఇక 14 లక్షలు. సరఫరాకు ముందే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉంటే, చిన్న పరిశ్రమల బకాయిల తగాదాలు చూసే ఎంఎస్‌ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లండి. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటితే, రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కౌన్సిల్ తీర్పును (అవార్డు) సవాలు చేయాలంటే ఆఫీసు 75 శాతం ముందే కట్టాలి. రిజిస్ట్రేషన్ లేకపోతే కమర్షియల్ కోర్టు, దానికి ముందు కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ కింద మధ్యవర్తిత్వం తప్పనిసరి. ప్రభుత్వం మీద దావా కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసూ ఇవ్వాలి. దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువులో (లిమిటేషన్) రెండేళ్లు అయిపోయాయి, ఆ నోటీసు ఈ నెలలోనే పంపండి.

ఆఫీసుతో పేచీ పెట్టుకుంటే బిల్లు ఎప్పటికీ రాదన్న భయంతో చాలామంది చిన్న సరఫరాదారులు నోరు విప్పరు. లిమిటేషన్ దాటాక వచ్చి కూర్చున్నవాళ్లకు ఏం చెప్పాలో తోచక నేను బాధపడ్డ రోజులున్నాయి. మీ చేతిలో ఇంకా టైముంది. టెండర్ నోటీసు, తిరస్కరణ ప్రింట్, డెలివరీ చలాన్లు, ఇన్‌వాయిస్‌లు, ఉద్యమ్ సర్టిఫికెట్ పట్టుకుని ఈ వారంలోనే హైకోర్టు లాయరును కలవండి.