రీస్టార్ట్ కొట్టి పడుకునే ఉద్యోగం మానేయమనాలా?

ప్రశ్న: నేను రిటైర్డ్ సబ్ పోస్ట్‌మాస్టర్‌ని. మాది తెనాలి దగ్గర పల్లె. మా అబ్బాయి ఈసీఈ చదివి, ఏడాదిన్నర క్రితం హైదరాబాద్‌లో అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగంలో చేరాడు. ఎప్పుడూ నైట్ షిఫ్టే. 'క్యూ ఆగిపోయింది, మెయిల్ సర్వర్‌కి కనెక్ట్ కావట్లేదు' అని తెల్లవారుజామున ఫోన్లు వస్తుంటాయి. రీస్టార్ట్ చేస్తే పనిచేస్తుంది, మర్నాడు మళ్లీ అదే గొడవ. 'ఫ్రెండ్సంతా కోడింగ్‌లో ఉన్నారు, నాది వాచ్‌మన్ పని' అంటాడు. ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్ మొత్తం కట్టడం నేర్పే) కోర్సులో చేరతానంటున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: ఇప్పుడే మానేయొద్దని చెప్పండి. ఆ క్యూ రోజూ ఎందుకు ఆగుతోందో తేలేదాకా అయినా ఉండమనండి.

నిజానికి మీ అబ్బాయి పని మీకు అర్థమైనంత తేలిగ్గా ఇంకెవరికీ అర్థం కాదు. ఎవరో వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెడతారు. చాలాచోట్ల సైటు తనే మెయిల్ పంపదు, 'ఫలానావారికి ఈ మెయిల్ పంపాలి' అని చీటీ రాసి క్యూలో వేస్తుంది. ఉత్తరం డబ్బాలో వేసినట్టే. వర్కర్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఆ చీటీ తీసుకుని మెయిల్ సర్వర్‌కి అప్పగించి, 'పనైంది' అని క్యూకి అక్నాలెడ్జ్‌మెంట్ ఇస్తుంది. మీ రోజుల్లో రిజిస్టర్డ్ పోస్టుకి సంతకం పెట్టిన కార్డు తిరిగొచ్చేదే, అదే ఇది. కార్డు అందకముందే కనెక్షన్ తెగిందనుకోండి, చీటీ చేరలేదనుకుని క్యూ మళ్లీ ఇస్తుంది. ఒకే ఆర్డర్‌కి రెండు మెయిళ్లు రావడానికి ఇదో కారణం.

ఇక్కణ్నుంచి మీ అబ్బాయికి. ఈ భాగం ఫార్వర్డ్ చేయండి.

బాబూ, రీస్టార్ట్ చేయడం తప్పు కాదు. మూడింటికి ఫోన్ వస్తే ముందు పని నడవాలి. కానీ రీస్టార్ట్ కొట్టగానే సగం ఆధారాలు పోతాయి. అందుకే దానికి ముందు రెండు నిమిషాలు ఆగి, ఎర్రర్‌లో ఏ మాట ఉందో చదువు. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే అవతలి మెషీన్ దాకా వెళ్లావు, ఆ పోర్టు (ఒక్కో సర్వీసుకి ఉండే తలుపు నంబరు) దగ్గర పలికేవాళ్లు లేరు. సర్వీస్ పడిపోయి ఉండాలి, లేదా పోర్ట్ నంబర్ తప్పై ఉండాలి. 'టైమ్డ్ అవుట్' అయితే ఎంత తలుపు కొట్టినా ఉలుకూ పలుకూ లేదన్నమాట. ఎక్కువసార్లు మధ్యలో కాపలా ఉండే ఏదో ఫైర్‌వాల్, నువ్వు పంపే ప్యాకెట్లను మింగేస్తుంటుంది. హోస్ట్ పేరే దొరకలేదంటే, పేర్లని అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ చూడు. మెయిల్ సర్వర్ 535 అని జవాబిచ్చిందంటే దారి శుభ్రంగానే ఉంది, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దగ్గర ఆగావు. నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. నువ్వు అన్నింటికీ ఒకే మాత్ర వేస్తున్నావు.

మెయిల్ సర్వర్ ఇచ్చే నంబర్లలో మొదటి అంకె చాలా చెబుతుంది. 4తో మొదలైతే తాత్కాలికం, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు. 5 అయితే ఊరికే మళ్లీ మళ్లీ పంపి లాభం లేదు. కవరు మీద 'డోర్ లాక్డ్' రాయడానికీ, 'నో సచ్ పర్సన్' రాయడానికీ తేడా ఏంటో మీ నాన్నగారిని అడుగు, నాకన్నా బాగా చెబుతారు.

రోజూ తెల్లవారుజామునే ఆగుతోందంటే నా మొదటి అనుమానం ఖాళీగా పడున్న కనెక్షన్ మీద. రాత్రి ఆర్డర్లు తగ్గుతాయి, వర్కర్‌కీ క్యూకీ మధ్య మాటలుండవు. మధ్యలో ఉన్న ఫైర్‌వాలో, పనిని సర్వర్ల మధ్య పంచే లోడ్ బ్యాలెన్సరో కొంతసేపు చూసి, ఎవరికీ చెప్పకుండా ఆ కనెక్షన్‌ని తన పట్టికలోంచి తీసేస్తుంది. ఇటు వర్కర్, అటు క్యూ మాత్రం లైను బతికే ఉందనుకుంటాయి. మొదటి ఆర్డర్ వచ్చేదాకా సంగతి బయటపడదు. దీనికోసమే ర్యాబిట్‌ఎంక్యూలో (క్యూ నడిపే సాఫ్ట్‌వేర్, మీదీ అదే అనుకుంటున్నా) హార్ట్‌బీట్ అని ఒకటుంది, 'బతికే ఉన్నా' అని ఇద్దరూ అప్పుడప్పుడూ చెప్పుకోవడం. సర్వర్ మామూలుగా సూచించేది 60 సెకన్లు. ఎప్పుడో ఎవరో దాన్ని సున్నా చేసి, అంటే ఆపేసి, వదిలేసి ఉండొచ్చు. మీ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో ఎంతుందో చూడు.

రెండో అనుమానం డిస్క్. ఖాళీ జాగా హద్దు కన్నా తగ్గితే ర్యాబిట్‌ఎంక్యూ కొత్త చీటీలు తీసుకోవడం ఆపేస్తుంది. కనెక్షన్ ఉన్నట్టే కనిపిస్తుంది, ఏమీ కదలదు. బ్యాకప్ కూడా ఆ టైముకే నడుస్తోందేమో కనుక్కో. 15672 పోర్టులో మేనేజ్‌మెంట్ స్క్రీన్ పెట్టి ఉంటే డిస్క్ అలారం అందులోనే కనిపిస్తుంది.

నేనూ ఒకప్పుడు నీ సీట్లో కూర్చున్నవాణ్నే. ఒక రాత్రి విసుగొచ్చి వర్కర్‌ని వదిలి ఏకంగా క్యూ సర్వర్‌నే రీస్టార్ట్ చేశాను. ఆ క్యూ డ్యూరబుల్ కాదని (రీస్టార్ట్‌కి నిలవదని), చీటీలు డిస్క్ మీదకి వెళ్లడం లేదని చూసుకోలేదు. అప్పటిదాకా పేరుకున్నవన్నీ గాల్లో కలిసిపోయాయి. స్క్రీన్ మాత్రం పచ్చగా ఉంది. పొద్దున్నే మేనేజర్ అడిగితే 'ఆల్ ఓకే సార్' అన్నాను. మధ్యాహ్నానికి కస్టమర్ల ఫోన్లు మొదలయ్యాయి. ఆ 'ఆల్ ఓకే' గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సెలవు రోజున లాప్‌టాప్‌లో డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే వేర్వేరు డబ్బాల్లో నడిపే సాధనం) పెట్టుకుని ఇదంతా చిన్నగా కట్టుకో. కట్టాక నువ్వే చెడగొట్టు. వర్కర్ కంటైనర్‌లో క్యూ అడ్రస్ లోకల్‌హోస్ట్ అని ఇస్తే రెఫ్యూజ్డ్ వస్తుంది. కంటైనర్‌కి లోకల్‌హోస్ట్ అంటే అది తనే కదా! జీమెయిల్‌కి మామూలు పాస్‌వర్డ్ ఇచ్చి చూడు, 535 వస్తుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుంటే లోపలికి రానిస్తుంది. ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ అద్దెకిచ్చే సర్వర్లు) కొత్త సర్వర్ తీసుకుని 25 పోర్టులో మెయిల్ పంపబోతే టైమవుట్. వాళ్లు ముందే ఆ దారి మూసి ఉంచుతారు, 587లో వెళ్లాలి.

కోడింగ్ రాదన్న బెంగ కూడా ఇక్కడే తీరుతుంది. క్యూలో ఎన్ని చీటీలు పేరుకున్నాయో ఐదు నిమిషాలకోసారి చూసి, హద్దు దాటితే నీకు మెసేజ్ పంపే స్క్రిప్ట్ పైథాన్‌లో రాయి. ఆ మెసేజ్ మాత్రం మెయిల్లో పంపించకు, ఆగిపోయింది ఆ మెయిలే!

అయ్యా, మళ్లీ మీకు. ఫుల్ స్టాక్ కోర్సు చెడ్డదని నేననను. కానీ ఉన్న జీతం వదులుకుని చేరితే, బ్యాచ్‌లో అందరూ చేసే ప్రాజెక్టే పట్టుకుని ఫ్రెషర్ల లైన్లో నిలబడాలి. సిస్టమ్‌లు ఆగకుండా నడిపే డెవాప్స్, సైట్ రిలయబిలిటీ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మాత్రం 'ఒక సమస్యని ఎలా పట్టుకున్నావో చెప్పు' అని తరచూ అడుగుతారు. రాత్రిళ్లు మెయిల్ ఎందుకు ఆగేదో కాగితం మీద గీసి చూపించేవాడికి అక్కడ విలువుంటుంది. సపోర్ట్‌లోనే ఐదేళ్లు ఉండిపొమ్మని కాదు. ఇంకో ఆరు నెలలు చూడమనండి. కారణం వెతకనివ్వకుండా, కాన్ఫిగ్ ఫైలు ముట్టుకోనివ్వకుండా రీస్టార్టే చెయ్యమంటే అప్పుడు వేరే ఉద్యోగం చూసుకుని, ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వాలి. ఏడాదిన్నరగా వరసగా నైట్ షిఫ్టే అంటే మాత్రం నాకు నచ్చలేదు. రొటేషన్ కావాలని హెచ్ఆర్‌కి ఈ వారమే మెయిల్ పెట్టమనండి, నోటిమాటగా వద్దు.

ఈసారి క్యూ ఆగినప్పుడు, రీస్టార్ట్‌కి ముందు లాగ్‌లో (ప్రోగ్రామ్ తను చేసింది రాసుకునే ఫైలు) కనిపించిన ఆఖరి పది లైన్లు కాపీ చేసి పెట్టుకోమనండి. కంపెనీ ఒప్పుకుంటే, పాస్‌వర్డులు, సర్వర్ పేర్లు తీసేసి నాకు పంపితే కలిసి చూద్దాం.